లేత్ పనిలో రంగు ఎపాక్సీ: చాలాకాలం వాడాక నా మాట

లేత్ మీద (చెక్కను తిప్పుతూ ఉలితో చెక్కే యంత్రం) చెక్క గిన్నెలు చేయడంలో, చెక్కలోని పగుళ్లు, ఖాళీలు నింపడానికి, రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే రంగు ఎపాక్సీ రెసిన్‌ని కొన్నేళ్లుగా వాడుతున్నాను. అందరూ ముందు రంగు గురించే అడుగుతారు. అసలు చూడాల్సింది ఆ రెసిన్ ఎంత లోతు పోతకు పనికొస్తుందన్నది.

టేబుల్ మీద పూతకు వాడే రకం త్వరగా గట్టిపడుతుంది. దాన్నే అచ్చులో లోతుగా పోస్తే లోపల పుట్టిన వేడి బయటికి పోదు. పొగలొస్తాయి, పసుపెక్కుతుంది, పగులుతుంది కూడా. లోతు పోత రకం పల్చగా ఉంటుంది, గట్టిపడటానికి రెండు మూడు రోజులు తీసుకుంటుంది. ఆలోగా బుడగలు చాలావరకు పైకి తేలిపోతాయి. చెక్క బాగా ఎండి ఉండాలి, అంతే. పచ్చిగా ఉంటే అతుకు నిలవదు.

రంగు కోసం కలిపే మైకా పౌడర్ (మెరిసే అభ్రకం పొడి) మెరుపు బాగుంటుంది గానీ, పల్చటి రెసిన్‌లో అడుక్కి దిగిపోతుంది. కాస్త చిక్కబడ్డాక పోస్తేనే సుడులు నిలుస్తాయి. నా ఓటు మాత్రం రెసిన్లో కరిగిపోయే పారదర్శకమైన రంగుకే, అంటే డైకే. అచ్చులో దాదాపు నల్లగా కనిపించిన నీలం, గిన్నె గోడ 3 మిల్లీమీటర్లకు వచ్చేసరికి లేతబడుతుంది. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే పురుగు తిన్న చెక్క అంచు లోపలిదాకా కనిపిస్తుంది. కాకపోతే లోపలివైపు మిగిలిన ఒక్క గీత కూడా దాగదు, సాండింగ్ (గరుకు కాగితంతో రుద్దే) పని రెట్టింపు.

ఉలి పదునుగా ఉంటే రెసిన్ పొడవాటి రిబ్బన్లలా వచ్చి, చెక్కను పట్టి ఉంచే చక్‌కి చుట్టుకుంటుంది. మెషిన్ ఆపి తీయాల్సిందే. ముక్కలుగా ఎగురుతుంటే, బాగా గట్టి మొన ఉన్న కార్బైడ్ స్క్రేపర్‌తో కొద్దికొద్దిగా తీయడం మేలు. సాండింగ్‌లో స్పీడ్ తగ్గించండి. వేడెక్కితే రెసిన్ మెత్తబడి కాగితానికి అంటుకుపోతుంది. రెసిన్ కలిపేటప్పుడు గ్లౌజులు తప్పనిసరి, తిరిగే లేత్ దగ్గర మాత్రం వద్దు. దుమ్ముకి మంచి మాస్క్ కావాలి.

నచ్చనివీ ఉన్నాయి. నూనె చెక్కలోకే ఇంకుతుంది, రెసిన్ మీద పైపైనే ఉండిపోతుంది. అందుకే మెరుపు రెండు రకాలుగా కనిపిస్తుంది. ఎండ తగిలే చోట పెడితే రెసిన్ క్రమంగా పసుపెక్కుతుంది, లేత రంగుల్లో అది ముందే బయటపడుతుంది. ఇక నున్నగా, పగులు లేని మంచి చెక్క దొరికితే నేనైతే రెసిన్ డబ్బా మూత తీయను.