ఆరు పుర్రెల సెట్: టాంగ్ పసివాడి కోసం కొనొచ్చు, మెదడు కొలవడానికి మాత్రం వద్దు

మానవ పరిణామం బోధించడానికి అమ్మే పుర్రెల సెట్లన్నీ దాదాపు ఒకే కథ చెబుతాయి. మెదడు చిన్నగా మొదలై పెద్దదైంది, అంతే. ఈ ఆరు పుర్రెల సెట్ పెట్టె మీదా అదే బొమ్మ, అదే వరుస. లోపలి వస్తువులు మాత్రం ఆ బొమ్మకన్నా చాలా ఎక్కువ చెప్పగలవు. ముఖ్యంగా, ఎదుగుదల గురించి చెప్పగలవు. ఇలాంటి సెట్లలో ఆ సంగతిని పట్టించుకున్నవి తక్కువ.

పెట్టెలో ఉన్నవి ఇవి: ఎదిగిన చింపాంజీ, టాంగ్ పసివాడు, ఎస్‌టీఎస్ 5 (టాంగ్ జాతికే చెందిన ఎదిగిన పుర్రె), కేఎన్‌ఎమ్-ఈఆర్ 3733 (కెన్యాలో దొరికిన హోమో ఎరెక్టస్ పుర్రె), లా ఫెరాసీ 1 (నియాండర్తల్ అనే పాతకాలపు మానవుడి పుర్రె), ఆధునిక మానవుడు. అన్నీ పాలీయురెథేన్ రెజిన్‌తో పోసినవి, అన్నీ పూర్తి సైజు. ఈ పూర్తి సైజు అన్న మాట చాలా ముఖ్యం. సగం సైజు సెట్లూ దొరుకుతాయి, అల్మారాలో ముచ్చటగా కూర్చుంటాయి. కానీ పొడవు సగమైతే పరిమాణం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. 1,350 సీసీ ఉండాల్సిన మనిషి కపాలం 170 సీసీ దగ్గర ఆగిపోతుంది. చూసే పిల్లల మనసులో ఆ తప్పు కొలతే నాటుకుంటుంది. కాబట్టి సగం సైజు జోలికి వెళ్ళొద్దు.

ముందుగా టాంగ్ పసివాడి సంగతి. 1924లో దక్షిణాఫ్రికాలోని టాంగ్ అనే చోట సున్నపురాయి గనిలో బయటపడిన శిలాజం ఇది. శాస్త్రవేత్త రేమండ్ డార్ట్ 1925లో దీనికి ఆస్ట్రలోపిథెకస్ ఆఫ్రికానస్ అని పేరు పెట్టాడు. సెట్‌లో ముఖం, కింది దవడ, మెదడు అచ్చు మూడు ముక్కలుగా వస్తాయి, సరిగ్గా అతుకుతాయి. పుర్రెలోకి చేరిన మట్టీ సున్నమూ గట్టిపడి మెదడు ఆకారాన్ని నిలబెట్టిన సహజ అచ్చు అది. దాని ఉపరితలాన్ని నమూనాలో బాగా పట్టుకున్నారు. రక్తనాళాల జాడలు వేలికి తగులుతాయి.

అసలు పాఠం పళ్ళలో ఉంది. దవడలో పాలపళ్ళు వరుసగా ఉన్నాయి, వాటి వెనక మొదటి శాశ్వత చర్వణకం (వెనక ఉండే, నమిలే పెద్ద పన్ను) అప్పుడే పైకి వచ్చింది. మనిషికి ఆ పన్ను సుమారు ఆరేళ్ళకు వస్తుంది. అందుకే మొదట్లో ఈ పసివాడి వయసు ఆరేళ్ళని అంచనా వేశారు. చింపాంజీకి అదే పన్ను మూడు నాలుగేళ్ళకే వచ్చేస్తుంది. తర్వాత పళ్ళ ఎదుగుదల మీద జరిగిన పరిశోధనలు టాంగ్ వయసును మూడు నాలుగేళ్ళ దగ్గరికి దించాయి. అంటే నిటారుగా నడిచిన ఈ జాతి పిల్లలు మనలా నిదానంగా పెరగలేదు, త్వరగా పెద్దవాళ్ళయ్యారు. మన బాల్యం ఇంత సాగింది ఆ తర్వాతే. మెదడు ఎంత పెద్దది అన్న ప్రశ్నకన్నా, అది పెరగడానికి ఎన్నేళ్ళు పట్టింది అన్నది లోతైన ప్రశ్న. ఈ చిన్న దవడ చేతిలో ఉంటే దాన్ని పదో తరగతి పిల్లలకైనా అర్థమయ్యేలా చెప్పొచ్చు.

ఈ సెట్‌లో అన్నిటికన్నా పెద్ద లోటూ ఇక్కడే ఉంది. పోల్చడానికి చింపాంజీ పిల్ల పుర్రె లేదు. వెన్నుపాము బయటికి వచ్చే మహారంధ్రం టాంగ్‌లో ముందుకు ఉందన్నది, ఈ జాతి నిటారుగా నడిచిందన్న డార్ట్ వాదనకు పట్టుగొమ్మ. దాన్ని ఎదిగిన చింపాంజీ పక్కన పెట్టి చూపిస్తే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, కానీ ఆ పోలిక సరైనది కాదు. చింపాంజీ పిల్లల్లో కూడా ఆ రంధ్రం కొంత ముందుకే ఉంటుంది, ఎదిగేకొద్దీ వెనక్కి జరుగుతుంది. గుండ్రటి తల, చదునైన ముఖం కూడా పిల్లల లక్షణాలే. పసివాణ్ని పసివాడితోనే పోల్చాలి. చింపాంజీ పిల్ల పుర్రె విడిగా దొరికితే తప్పకుండా జత చేయండి. దొరక్కపోతే మహారంధ్రం పాఠాన్ని ఎస్‌టీఎస్ 5తో చెప్పండి, అది ఎదిగిన పుర్రె.

ఆ పోలికకు పుర్రెను సరిగ్గా కూర్చోబెట్టడం అవసరం. కంటి గూడు కింది అంచు, చెవి రంధ్రం పై అంచు ఒకే మట్టంలో ఉండేలా గుడ్డ చుట్ట మీద పెట్టాలి. తర్వాత ముందూ వెనకా రెండు పుస్తకాలు నిటారుగా ఆనించి మధ్య దూరం కొలవాలి. మహారంధ్రం ముందంచు వెనక పుస్తకానికి ఎంత దూరమో చూసి, దాన్ని మొత్తం పొడవుతో భాగించాలి. చింపాంజీకి ఈ నిష్పత్తి చిన్నది, మనిషికి పెద్దది, ఎస్‌టీఎస్ 5కి రెంటి నడుమ. మూతి ముందుకు పొడుచుకొచ్చిన పుర్రెలో మొత్తం పొడవే పెరిగిపోతుంది కాబట్టి, మూతిని వదిలేసి కనుబొమల గట్టు నుంచి కొలిచి మరోసారి లెక్కించండి. రెండు లెక్కలూ పక్కపక్కన ఉంటే ఎంత తేడా మూతిది, ఎంత తేడా రంధ్రానిది అన్నది తేలిపోతుంది.

ఎస్‌టీఎస్ 5ని 1947లో దక్షిణాఫ్రికాలోని స్టెర్క్‌ఫాంటీన్ గుహల్లో శాస్త్రవేత్తలు రాబర్ట్ బ్రూమ్, జాన్ రాబిన్సన్ కనుగొన్నారు. అసలు శిలాజానికి పళ్ళూ లేవు, కింది దవడా లేదు. సెట్‌లోని నమూనా పళ్ళు లేకుండానే ఉంది, అది నిజాయితీ. కొన్ని సెట్లు దీనికి దవడ తగిలించి అమ్ముతాయి, అది ఊహతో చేసిన భాగమని ఎక్కడా రాయరు. దవడ విషయంలో కేఎన్‌ఎమ్-ఈఆర్ 3733కీ ఇదే వర్తిస్తుంది. సెట్‌తో వచ్చిన చీటీలో ఎస్‌టీఎస్ 5 వయసు 25 లక్షల ఏళ్ళని ఒకే అంకె వేశారు. అది దొరికిన పొరల వయసును 34 నుంచి 37 లక్షల ఏళ్ళకు తీసుకెళ్ళిన పరిశోధన 2022లో వచ్చింది, దాని మీద చర్చ ఇంకా నడుస్తోంది. రెండు అంకెలూ రాసి అతికించుకోవడం మేలు.

లా ఫెరాసీ 1 ఈ సెట్‌లో అందమైన పోత. 1909లో ఫ్రాన్స్‌లో దొరికిన నియాండర్తల్ పురుషుడిది. పొడవాటి తల, రెండు కళ్ళ మీదా వంపు తిరిగిన గట్టు, ముందుకు లాగినట్టున్న ముఖం నడిభాగం, ముందు పళ్ళ విపరీతమైన అరుగుదల అన్నీ స్పష్టంగా వచ్చాయి. కింది దవడలో చివరి చర్వణకం వెనక ఖాళీ ఉంటుంది, చూపించడం మరిచిపోకండి. ఆధునిక మానవుడి దవడను పక్కన పెడితే చుబుకం మనకు మాత్రమే ఎలా ముందుకొచ్చిందో కళ్ళకు కడుతుంది.

ఇక మెదడు కొలత. పెట్టె మీద "ఆవాలతో కొలవండి" అని రాశారు. నిజమైన పుర్రెకు అది మంచి పద్ధతే. ఈ పోతలకు కాదు. బయటి ఆకారం అసలు నుంచే వచ్చింది కానీ లోపలి గోడ మందాన్ని పోతపోసినవాళ్ళు తమ సౌకర్యాన్ని బట్టి వదిలేశారు. మనిషి కపాలంలో గోడ అంతటా 2 మి.మీ. మందం పెరిగితే 110 సీసీ పైనే తగ్గిపోతుంది, అంటే ఎనిమిది తొమ్మిది శాతం. అదే 2 మి.మీ. ఎస్‌టీఎస్ 5లో 55 సీసీ దాకా తింటుంది. అసలుదే 485 సీసీ కాబట్టి అది పదకొండు పన్నెండు శాతం. చిన్న పుర్రె ఎక్కువ నష్టపోతుంది. ఎన్ని రెట్లు అన్న లెక్కలో మెదళ్ళ మధ్య తేడా ఉన్నదానికన్నా పెద్దదిగా కనిపిస్తుంది. రెజిన్ గట్టిపడేటప్పుడు కుంచించుకుపోవడం దీనికి తోడు. పొడవులో ఒక్క శాతం తగ్గినా పరిమాణంలో మూడు శాతం పోతుంది.

అయినా కొలిచి చూపించాలనుకుంటే కంటి గూళ్ళ వెనక రంధ్రాలను దూదితో మూసి, మహారంధ్రం నుంచి ఆవాలు పోయండి. కొద్దికొద్దిగా పోస్తూ ప్రతిసారీ ఒకేలా తట్టాలి. కొలజాడీలోకి ఒంపాక దాన్నీ అంతే తట్టాలి. పుర్రెను తట్టి జాడీని తట్టకపోతే అంకె పెరిగిపోతుంది. మూడుసార్లు కొలిచి సగటు తీయండి. వచ్చిన అంకెను ఆ పోత లోపలి పరిమాణంగానే చెప్పండి. అసలు పుర్రెల అంకెలు వేరుగా రాయండి: చింపాంజీకి 400 దగ్గర, ఎస్‌టీఎస్ 5కి 485, 3733కి 850 దగ్గర, లా ఫెరాసీకి 1,600 పైన. చివరి అంకె మనిషి సగటు 1,350ని దాటిపోవడం గమనించారా? మెదడు పెరుగుతూ పెరుగుతూ మన దగ్గర ఆగిందన్న కథ అక్కడే తెగిపోతుంది.

పెట్టెతో వచ్చే గోడపటాన్ని వాడొద్దని గట్టిగా చెబుతున్నాం. చింపాంజీ నుంచి మనిషి వరకు ఒకే గీత గీశారు. చింపాంజీ మన పూర్వీకుడు కాదు. దాదాపు 60 నుంచి 70 లక్షల ఏళ్ళ క్రితం మనకూ దానికీ ఒకే పూర్వీకులు ఉన్నారు, అక్కడి నుంచి అదీ తన దారిన మారుతూ వచ్చింది. నియాండర్తల్ కూడా నిచ్చెనలో మన కింది మెట్టు కాదు, పక్క కొమ్మ. 2010లో వారి జన్యుపటం తొలి ముసాయిదా వచ్చాక, ఆఫ్రికా బయటి జనాల జన్యువుల్లో సుమారు రెండు శాతం వారి నుంచి వచ్చాయని తేలింది. ఆరు పుర్రెల్నీ బల్ల మీద వరుసగా పెట్టకుండా, సుద్దముక్కతో కొమ్మలు గీసి చివర్లలో పెట్టండి.

పనితనంలో రెండు లోపాలు. చెంప ఎముక వంపుల మీద అచ్చు అతుకు గీత మిగిలిపోయింది. సన్నని గరుకు కాగితంతో తడిగా రుద్దితే పోతుంది. రెండోది రంగు. అసలు ఎముక ఎక్కడ, పూడ్చిన భాగం ఎక్కడ అని తెలియకుండా అంతటా ఒకే ముదురు గోధుమ రంగు పూశారు. 3733లో ఇది నిజంగా నష్టం.

పుర్రెను కంటి గూళ్ళలో వేళ్ళు పెట్టి గానీ చెంప వంపు పట్టుకుని గానీ ఎత్తొద్దు. రెండు చేతులతో అడుగు నుంచి ఎత్తాలి. ఎండ తగిలే కిటికీ దగ్గర పెడితే పలచని దవడలు వంకరపోతాయి. అలా జరిగితే వేడి నీళ్ళలో కొద్ది నిమిషాలు ముంచి, మెత్తబడ్డాక పై దవడకు సరిపోయేలా వంచి, చల్లటి నీళ్ళలో పెట్టండి. తుడవడానికి తడి గుడ్డ చాలు, స్పిరిట్ గానీ అసిటోన్ గానీ తగిలితే రంగు లేచిపోతుంది. విరిగిన చోట ఎపాక్సీ వాడండి, సూపర్ గ్లూ చుట్టూ తెల్లటి పొర వదులుతుంది.