లొకేల్: మనమే కంపైల్ చేసుకోవాలా, రెడీమేడ్‌ది వేసుకోవాలా, అసలు అక్కర్లేదా? ఏది మేలు?

పన్నెండు లక్షల ముప్పై నాలుగు వేల బిల్లు మీద 1,234,000 అని పడితే ద్వారకానగర్‌లో ఏ అకౌంటెంటూ ఒక్క చూపులో చదవలేరు. 12,34,000 అని పడాలి. తేదీ సంగతీ అంతే. 03/04 అంటే మనకు ఏప్రిల్ 3, అమెరికా వాళ్లకు మార్చి 4. లినక్స్ మెషీన్‌లో ఈ రెండూ తేల్చేది లొకేల్. సెట్టింగుల్లో దాని పేరు రాసినంత మాత్రాన పని కాదు. ఆ పేరుతో కంపైలైన (మెషీన్ చదివే రూపంలోకి మార్చిన) డేటా మెషీన్‌లో ఉండాలి. లేకపోతే చాలా ప్రోగ్రాములు చప్పుడు చేయకుండా ఏ ప్రాంతపు అలవాట్లూ లేని పాత 'సీ' లొకేల్‌లోనే ఉండిపోతాయి. బ్యాష్, పెర్ల్ మాత్రం లొకేల్ మార్చడం కుదరలేదని వార్నింగు ఇస్తాయి.

అసలు కంపైలయ్యేది ఏమిటి? /యూఎస్ఆర్/షేర్/ఐ18ఎన్/లొకేల్స్ ఫోల్డర్‌లో టీఈ_ఐఎన్ (భారత్‌లో తెలుగు), ఈఎన్_ఐఎన్ (భారత్‌లో ఇంగ్లీషు) లాంటి పేర్లతో మామూలు టెక్స్ట్ ఫైళ్లుంటాయి. తేదీ రాసే తీరు, కామాలు పడే చోటు, రూపాయి గుర్తు, అక్షర క్రమం అన్నీ వాటిలోనే. పక్కనే ఉన్న చార్‌మ్యాప్స్ ఫోల్డర్‌లో అక్షరాలకు సంకేతాలిచ్చే యూటీఎఫ్-8 పట్టిక. లొకేల్‌డెఫ్ అనే ప్రోగ్రాం ఈ రెండింటినీ కలిపి బైనరీ తయారుచేస్తుంది. డెబియన్, ఉబుంటు అనే లినక్స్ రకాల్లో అది /యూఎస్ఆర్/లిబ్/లొకేల్ కింద లొకేల్-ఆర్కైవ్ అనే ఒక్క ఫైల్లోకి చేరుతుంది. మెనూల తెలుగు అనువాదాలు, తెలుగు ఫాంట్లు, టైమ్ జోన్ వేరే సంగతులు. బిల్లు మీద టైము అయిదున్నర గంటలు వెనక పడితే లొకేల్‌ను తిట్టుకోవద్దు. టైమ్ జోన్‌ను ఏషియా/కోల్‌కతాకు మార్చాలి.

లొకేల్-జెన్: ఎక్కువమందికి ఇదే చాలు

డెబియన్‌లో ముందు 'లొకేల్స్' ప్యాకేజీ వేయాలి. /ఈటీసీ/లొకేల్.జెన్ ఫైల్లో కావలసిన లైన్ ముందున్న హాష్ గుర్తు తీసేసి, రూట్‌గా లొకేల్-జెన్ నడపాలి. ఈ ఫైల్లో చాలామంది తడబడే చోటు ఒకటుంది. అమెరికా ఇంగ్లీషు లైన్‌లో లొకేల్ పేరు చివర చుక్క, యూటీఎఫ్-8 ఉంటాయి. మన టీఈ_ఐఎన్, ఈఎన్_ఐఎన్ లైన్లలో చుక్క ఉండదు, ఖాళీ వదిలి యూటీఎఫ్-8 అని ఉంటుంది అంతే. అది తప్పనుకుని దిద్దొద్దు. ఉన్నదున్నట్టు హాష్ తీస్తే చాలు, కంపైలయ్యాక 'లొకేల్ -ఏ' జాబితాలో రెండు రూపాలూ కనిపిస్తాయి. ఉబుంటులో అయితే లొకేల్-జెన్ పక్కనే పేరు రాసినా సరిపోతుంది. డెబియన్‌ది అలా పేరు తీసుకోదు, ఫైల్ మార్చాల్సిందే.

తర్వాత అప్‌డేట్-లొకేల్‌తో డీఫాల్టు పెట్టి, లాగౌటయి మళ్లీ లాగిన్ కావాలి. అప్పటికే నడుస్తున్న సర్వీసులకు కొత్త లొకేల్ తెలియదు, రీస్టార్ట్ తప్పదు. ర్యామ్ మరీ తక్కువున్న చవక వర్చువల్ మెషీన్‌లో కంపైల్ సగంలో 'కిల్డ్' అని ఆగితే మెమరీ చాలలేదని అర్థం. కాస్త స్వాప్ (డిస్క్‌లో కొంత మెమరీగా) ఇచ్చి మళ్లీ నడపండి.

లొకేల్‌డెఫ్: చేతిపని తెలిసినవాళ్లకు

లొకేల్-జెన్ కూడా లోపల పిలిచేది దీన్నే. నేరుగా వాడాల్సిన సందర్భాలు రెండే. లొకేల్-జెన్ లేని సిస్టమ్ అయినా కావాలి, లేదా ఉన్న లొకేల్ నచ్చక సొంతది రాసుకోవాలి. హైఫన్-ఐ తర్వాత సోర్స్ పేరు, హైఫన్-ఎఫ్ తర్వాత యూటీఎఫ్-8, చివర పెట్టుకునే పేరు. ఇంతే కమాండ్.

సొంతంగా రాసేటప్పుడు తేదీ దగ్గర ఒక ముల్లుంది. ఈఎన్_ఐఎన్ సోర్స్ తెరిస్తే తేదీ నమూనాలో రోజు, నెల, సంవత్సరం మధ్య స్లాష్‌లు జంటలుగా కనిపిస్తాయి. అచ్చుతప్పు కాదది. ఈ ఫైళ్ల మొదట్లోనే స్లాష్‌ను ఎస్కేప్ గుర్తుగా ప్రకటిస్తారు. అందుకే అసలు స్లాష్ కావాలంటే రెండు రాయాలి. ఒకటే రాస్తే అది మాయమై తేదీ 150826 లాగా ఒకే ముద్దగా వస్తుంది. కంపైల్ మాత్రం ఏ గొడవా లేకుండా అయిపోతుంది కాబట్టి తప్పు బిల్లు చేతికొచ్చేదాకా తెలియదు.

ఇంకొకటి 'కాపీ' మాట. తేదీల విభాగంలో కాపీ అని ఈఎన్_ఐఎన్‌ను లాక్కుంటే, అదే విభాగంలో ఇంకే లైనూ రాయకూడదు. వారం సోమవారంతో మొదలవ్వాలని ఒక్క లైన్ కలపబోయినా లొకేల్‌డెఫ్ ఒప్పుకోదు. ఆ విభాగం మొత్తం తెచ్చి అతికించి, అందులో మార్చుకోవాలి. అక్షర క్రమం విభాగంలో మాత్రం కాపీ చేసి కింద సొంత నియమాలు చేర్చొచ్చు.

ఇంత కష్టపడి చేసింది డెబియన్‌లో ఒక్క అప్‌డేట్‌తో ఎగిరిపోవచ్చు. లొకేల్-జెన్ నడిచిన ప్రతిసారీ పాత ఆర్కైవ్‌ను తీసేసి, లొకేల్.జెన్ ఫైల్లో ఉన్నవాటితో కొత్తది కడుతుంది. చేత్తో చేర్చినవి ఆ జాబితాలో ఉండవు. విరుగుడు సులువే. సొంత సోర్స్‌ను /యూఎస్ఆర్/లోకల్/షేర్/ఐ18ఎన్/లొకేల్స్‌లో పెట్టి, దాని పేరు లొకేల్.జెన్‌లో ఒక లైన్‌గా రాయండి. ఇక ఎన్ని అప్‌డేట్లు వచ్చినా అదీ మళ్లీ కంపైలవుతుంది.

ఫెడోరా, ఆర్‌హెచ్‌ఈఎల్ వాడేవాళ్లు దీని జోలికి పోనక్కర్లేదు. జీలిబ్‌సీ-ల్యాంగ్‌ప్యాక్-టీఈ అనే ప్యాకేజీ వేస్తే తెలుగు వచ్చేస్తుంది. ఆ సిస్టమ్‌ల కంటైనర్లలో (ప్రోగ్రామును దానికి కావలసినవాటితో కలిపి కట్టిన పొట్లాల్లో) లొకేల్‌డెఫ్ నడిపితే సోర్స్ ఫైలే దొరకలేదంటుంది. ఎందుకంటే సోర్సులు జీలిబ్‌సీ-లొకేల్-సోర్స్ అనే మరో ప్యాకేజీలో ఉంటాయి.

లొకేల్స్-ఆల్: అన్నీ వండి వడ్డించింది

డెబియన్‌లో ప్రపంచంలోని లొకేల్‌లన్నీ ముందే కంపైలై వచ్చే ప్యాకేజీ ఇది. కంపైల్ సమయం సున్నా, డిస్క్ మీద మాత్రం సుమారు 200 ఎంబీ. పది దేశాల తేదీలు పరీక్షించే టెస్టింగ్ మెషీన్‌కు బాగుంటుంది. గాజువాకలో బిల్లింగ్ కంప్యూటర్‌కు ఐస్‌లాండ్ నెలల పేర్లెందుకు?

సీ.యూటీఎఫ్-8: ఏమీ కంపైల్ చేయకుండా

డెబియన్‌లో ఈ లొకేల్ చాలాకాలంగా ఉంది. లినక్స్ ప్రోగ్రాములకు ఆధారమైన జీలిబ్‌సీ లైబ్రరీలోకి అధికారికంగా 2022లో 2.35 వెర్షన్‌తో వచ్చింది. తెలుగు అక్షరాలు పాడవకుండా చదువుతుంది, రాస్తుంది. అక్షర క్రమం మాత్రం యూనికోడ్ నంబర్ల వరుస. లక్షల కామాలు లేవు, నెలల పేర్లు ఇంగ్లీషే. రుషికొండ ఐటీ హిల్స్ మీద కంటైనర్లు నడిపేవాళ్లకు మా సలహా ఇదే, రెండో మాట లేదు. ఇమేజ్ బరువెక్కదు, ప్రతిచోటా ఒకేలా నడుస్తుంది. తేదీ, డబ్బు, కామాల సంగతి అప్లికేషన్ చూసుకుంటుంది. జావా తన డేటాను తనే మోసుకొస్తుంది కాబట్టి దానికోసం లొకేల్ కంపైల్ చేయడం వృథా. లిబ్రేఆఫీసుదీ సొంత డేటానే. ఆల్పైన్ ఇమేజ్‌లో అయితే చర్చే లేదు. అక్కడ జీలిబ్‌సీ బదులు మసల్ అనే చిన్న లైబ్రరీ ఉంటుంది, లొకేల్‌డెఫ్ ఉండదు, సార్టింగ్ నంబర్ల వరుసే.

టీఈ_ఐఎన్ పెట్టాలా, ఈఎన్_ఐఎన్ పెట్టాలా?

మనిషి కూర్చుని పనిచేసే డెస్క్‌టాప్‌కు ఈఎన్_ఐఎన్ మేలు. తెలుగు మీద ప్రేమ లేక కాదు. కమాండ్ లైన్ సందేశాలు ఎలాగూ ఎక్కువగా ఇంగ్లీషులోనే వస్తాయి. పైగా నెలల పేర్లు తెలుగులోకి మారితే, ఇంగ్లీషు నెల పేరు కోసం వెతికే పాత బ్యాకప్ స్క్రిప్టు ఆ రాత్రే ఆగుతుంది. ఈఎన్_ఐఎన్‌లో 12345678ని కామాలతో అడిగితే 1,23,45,678 అని వస్తుంది. టెర్మినల్‌లో ప్రింట్ఎఫ్‌కు శాతం గుర్తు, సింగిల్ కోట్, డీ ఇచ్చి చూడొచ్చు. గోడ క్యాలెండర్‌లా వారాల పేర్లు తెలుగులో కావాలంటే రెండు లొకేల్‌లూ కంపైల్ చేసి, మొత్తానికి డీఫాల్టైన ల్యాంగ్‌ను ఈఎన్_ఐఎన్‌గా ఉంచి, తేదీల సెట్టింగైన ఎల్‌సీ_టైమ్ ఒక్కటే టీఈ_ఐఎన్‌కు మార్చండి. ఎల్‌సీ_ఆల్‌ను మాత్రం ప్రొఫైల్ ఫైల్లో శాశ్వతంగా పెట్టొద్దు. అది మిగతా అన్నింటినీ తొక్కేస్తుంది, తర్వాత ఏది మార్చినా పనిచేయక బుర్ర బద్దలవుతుంది.

స్క్రిప్టుల్లో అందుకు విరుద్ధం. అక్కడ ఎల్‌సీ_ఆల్‌ను సీ అని మొదటి లైన్లోనే పెట్టేయడం మంచిది. ఒక ఫైల్‌ను ఈఎన్_ఐఎన్‌లో సార్ట్ చేసి, సీలో నడిచే జాయిన్ కమాండుకు ఇస్తే ఫైల్ వరుసలో లేదంటుంది. రెండుచోట్లా ఒకే లొకేల్ ఉంటే ఆ గొడవ లేదు.

సార్టింగ్ దగ్గరే అసలు పేచీ

కర, కల, కళ, కవి అనే నాలుగు మాటలు తీసుకోండి. సీ.యూటీఎఫ్-8 వీటిని ఇదే వరుసలో ఇస్తుంది. యూనికోడ్‌లో ర, ఱ, ల, ళ, వ వరుసగా ఉంటాయి మరి. బడిలో నేర్చుకున్న వర్ణమాలలో ళ వచ్చేది హ తర్వాత. దాని ప్రకారం కర, కల, కవి, కళ అని రావాలి. మీకు ఏది కావాలో ముందు తేల్చుకుని, ఎంచుకున్న లొకేల్‌లో ఈ నాలుగూ సార్ట్ చేసి చూడండి. పేరులో తెలుగు ఉందని బడి వరుస వస్తుందనుకోవద్దు.

ఇంతకంటే చికాకు పెట్టేది కంటికి కనిపించని గుర్తు. 'స్టీల్‌ప్లాంట్' అని కలిపి రాసేటప్పుడు ల్, ప్లా అతుక్కోకుండా కీబోర్డు మధ్యలో ఒక జీరో-విడ్త్ నాన్-జాయినర్ పెడుతుంది. కొందరు ఖాళీ పెట్టి 'స్టీల్ ప్లాంట్' అంటారు. నంబర్ల వరుసలో ఖాళీ అన్నిటికంటే ముందు, ఆ కనిపించని గుర్తు తెలుగు అక్షరాలన్నిటి తర్వాత. అందుకే కస్టమర్ల జాబితాలో ఒకే స్టీల్‌ప్లాంట్ రెండుచోట్ల తేలుతుంది. యూనికోడ్ వాళ్ల ఐసీయూ లైబ్రరీ సార్టింగ్‌లో ఆ గుర్తును లెక్కలోకి తీసుకోదు. తెలుగు పేర్ల జాబితాలు చూపించే అప్లికేషన్‌కు సీ.యూటీఎఫ్-8 కంటే ఐసీయూ మేలనడానికి ఇదే పెద్ద కారణం. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో అది 10వ వెర్షన్ నుంచి దొరుకుతుంది.

డేటాబేస్‌లో ఇంకో ప్రమాదం ఉంది. 2018లో వచ్చిన జీలిబ్‌సీ 2.28 అక్షర క్రమం పట్టికలను భారీగా మార్చింది. డెబియన్ 9 నుంచి 10కి వెళ్లినప్పుడు సిస్టమ్ లొకేల్ మీద కట్టిన పోస్ట్‌గ్రెస్ ఇండెక్సులు (వెతకడానికి వాడే సూచికలు) పాత వరుసలోనే ఉండిపోయాయి. టేబుల్లో ఉన్న రికార్డు వెతికితే దొరకదు, యునీక్ అన్న చోట డూప్లికేట్లు దూరతాయి. రీఇండెక్స్ ఒక్కటే మందు. సీ మీద కట్టినవాటికి ఆ బెడద లేదు, సీ.యూటీఎఫ్-8కు చాలా తక్కువ. కాబట్టి డేటాబేస్‌ను సీ.యూటీఎఫ్-8లో సృష్టించి, తెలుగు పేర్ల కాలమ్‌కు మాత్రం ఐసీయూ కొలేషన్ (అక్షర క్రమం) ఇవ్వడం మా లెక్కలో మంచి పద్ధతి. ఐసీయూ వెర్షన్ మారినా రీఇండెక్స్ కావాల్సిందే, అయితే అది ఒక కాలమ్‌తో పోతుంది. ముందే కట్టిన డేటాబేస్‌కు డీఫాల్ట్ కొలేషన్ మార్చే వీల్లేదు. డంప్ తీసి, టెంప్లేట్0 నుంచి కొత్తది కట్టి ఎక్కించాలి.

సర్వర్‌లో సీ.యూటీఎఫ్-8, ల్యాప్‌టాప్‌లో ఈఎన్_ఐఎన్ పెట్టుకున్నాక మధురవాడలో కూర్చుని ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి లాగినయ్యే ప్రోగ్రాంతో) సర్వర్‌లోకి ఎక్కితే లొకేల్ వార్నింగులు మళ్లీ మొదలవుతాయి. చాలా డిస్ట్రిబ్యూషన్లలో ఎస్‌ఎస్‌హెచ్ ల్యాప్‌టాప్‌లోని ల్యాంగ్, ఎల్‌సీ విలువలను వెంట తీసుకెళ్తుంది. అక్కడ ఆ లొకేల్ కంపైలై లేదు. ల్యాప్‌టాప్ ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్‌లో సెండ్‌ఎన్వ్ లైన్‌ను కామెంట్ చేస్తే పోతుంది. ఎక్కేవాళ్లు పదిమంది ఉంటే సర్వర్‌లో ఈఎన్_ఐఎన్ ఒక్కటి కంపైల్ చేసి పడేయడమే తేలిక.