ఒకదానిపై ఒకటి పడే వ్యూలు: ఆండ్రాయిడ్ స్టూడియో లేఅవుట్ ఎడిటర్‌తో కొన్నేళ్లు

హనుమకొండలో ఉంటూ, ఎనుమాముల మార్కెట్ యార్డులోని మిర్చి, పత్తి ధరలు చూపే ఒక చిన్న యాప్‌ను కొన్నేళ్లుగా నిర్వహిస్తున్నాను. దాని ప్రధాన తెరలో ధరల జాబితా, రిఫ్రెష్ బటన్, నెట్ లేదన్న సందేశం, యార్డుకు సెలవన్న ప్రకటన అన్నీ ఒకే ఫ్రేమ్‌లేఅవుట్‌లో, అంటే తనలోని భాగాలను ఒకదానిపై ఒకటి పేర్చే పెట్టెలో, ఒకే చోట ఉంటాయి. తెరపై కనిపించే ఇలాంటి ఒక్కో భాగాన్ని వ్యూ అంటారు. ఇలాంటి తెరను దిద్దడానికి ఆండ్రాయిడ్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియోలోని లేఅవుట్ ఎడిటర్ ఎంతవరకు పనికొస్తుందన్నదే ఇక్కడి విషయం.

ఎడిటర్‌లో తెర నమూనా కనిపించే కాన్వాస్‌పై క్లిక్ చేస్తే అన్నిటికంటే పైనున్న వ్యూయే ఎంపికవుతుంది కాబట్టి, సెలవు ప్రకటన తెరంతా పరుచుకున్నప్పుడు దాని కిందనున్న జాబితా మౌస్‌కు చిక్కదు. ఎంపిక పనంతా వ్యూల పేర్లను వరుసగా చూపే కాంపొనెంట్ ట్రీలోనే చేసుకోవాలి. అక్కడ అట్టడుగు వరుసలో ఉన్నదే తెరపై అన్నిటికంటే పైన కనిపిస్తుంది. ఫోటోషాప్ లేయర్లకు అలవాటుపడినవారికి ఇది తలకిందులుగా తోస్తుంది.

అయితే ఈ వరుసక్రమమే తుది మాట కాదు. ప్రకటనను ట్రీలో చివర పెట్టినా రిఫ్రెష్ బటన్ దాని మీదికి పొడుచుకువస్తుంది. గూగుల్ డిజైన్ శైలి అయిన మెటీరియల్ థీమ్‌లో మామూలు బటన్‌కు 2 డీపీ (ఆండ్రాయిడ్ తెర కొలత) ఎలివేషన్, అంటే తెర నుంచి పైకి లేచిన ఎత్తు, ముందే ఉంటుంది. 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.0 నుంచి ఒకే పేరెంట్‌లోని (వాటిని పట్టి ఉంచే పెట్టెలోని) వ్యూలలో ఎలివేషన్ ఎక్కువున్నదే పైకి వస్తుంది, అది సమానమైతేనే వరుసను చూస్తారు. ప్రకటనకు 8 డీపీ ఇస్తే బటన్ మరుగునపడుతుంది. పడినా, ప్రకటనకు క్లికబుల్ (తాకిడిని తానే తీసుకునే) లక్షణం లేకపోతే దానిమీద వేలు పెట్టిన రైతు తాకిడి నేరుగా కిందనున్న బటన్‌కే చేరుతుంది. కాన్వాస్‌ను ఎంతసేపు చూసినా ఈ సంగతి తెలియదు, ఫోన్‌లో నడిపి చూడాల్సిందే.

నా దృష్టిలో ఈ ఎడిటర్‌ను నిలబెట్టేది టూల్స్ విజిబిలిటీ, అంటే ఒక వ్యూ ఎడిటర్‌లో కనిపించాలా వద్దా అని మాత్రమే చెప్పే అమరిక. జాబితాను దిద్దేటప్పుడు మిగతావాటికి అందులో 'గాన్' (లేనట్టే) పెడితే అవి కాన్వాస్ మీంచి తప్పుకుంటాయి, యాప్‌లో మాత్రం ఏ మార్పూ ఉండదు. ట్రీలోని కన్ను గుర్తు నొక్కితే అసలు విజిబిలిటీ, టూల్స్ విజిబిలిటీ పక్కపక్కనే కనిపిస్తాయి గనుక ఏది మారుస్తున్నామో చూసుకోవాలి.

2020 నాటి ఆండ్రాయిడ్ స్టూడియో 4.0 వెర్షన్‌తో వచ్చిన లేఅవుట్ ఇన్‌స్పెక్టర్ త్రీడీ దృశ్యం పొరలను విడదీసి చూపుతుంది, కానీ అది నడుస్తున్న యాప్‌కే. తెరపై ఇంకా ఎక్కువ వ్యూలు చేరితే ఒక్కో స్థితిని వేరే ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌గా రాసి ప్రధాన ఫైల్‌లో ఇన్‌క్లూడ్ చేయడం (చేర్చుకోవడం) మేలు. అప్పుడు ఏ ఫైల్ తెరిస్తే అదొక్కటే కాన్వాస్‌పై ఉంటుంది.