గ్యాస్ గీజర్: బాత్రూమ్ లోపలా, బయట గోడకా?

చలి మొదలవగానే మహబూబ్‌నగర్, నల్లగొండల్లో గ్యాస్ గీజర్ బిగించుకునేవాళ్లకి ముందు వచ్చే ప్రశ్న ఇదే. లోపల పెడితే పైపు తక్కువ పడుతుంది, వేడినీళ్లు వెంటనే వస్తాయి. లాభం అంతవరకే.

నష్టం మాత్రం ప్రాణాల మీదికొచ్చేది. పొగగొట్టం లేని గీజర్ గదిలోని ఆక్సిజన్‌నే వాడుకుంటుంది, మండగా వచ్చిన వాయువుల్ని మళ్లీ అక్కడే వదులుతుంది. తలుపు, కిటికీ మూసుకుని స్నానం చేస్తుంటే ఆక్సిజన్ తగ్గి, మంట సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు. సిలిండర్ లీకైతే ముక్కు పసిగడుతుంది, దీన్ని పసిగట్టలేదు. తలనొప్పి, కళ్లు తిరగడం మొదలయ్యాక బయటికి నడిచే ఓపిక కూడా ఉండకపోవచ్చు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందిగా అంటారు. మరి కరెంటు పోతే?

బయట, కిటికీకి దూరంగా పెడితే ఈ టెన్షన్ చాలావరకు పోతుంది. అయితే శుభ్రం చేసే పని పెరుగుతుంది. మన దగ్గర దుమ్ము ఎక్కువ, పైగా బర్నర్‌లో సాలీళ్లు గూళ్లు పెడతాయి. రెగ్యులేటర్ కట్టేసి, గీజర్ పూర్తిగా చల్లారాక పైదుమ్ము మెత్తని బ్రష్‌తో దులపండి. జెట్లను, అంటే బర్నర్‌లోకి గ్యాస్ వచ్చే సన్న రంధ్రాలను, పిన్నుతో పొడవొద్దు, రంధ్రం పెద్దదై మంట చెడుతుంది. అది మెకానిక్ పని. నీలం మంట పసుపుగా మారినా, కవరు మీద మసి కనిపించినా వెంటనే ఆపేయాలి. బోరు నీళ్ల ఉప్పు పేరుకోవడం రెండుచోట్లా ఒకటే.

నన్నడిగితే బయటే. అద్దె ఇంట్లో ఇప్పటికే లోపల ఉంటే, ఓనర్‌తో మాట్లాడి మార్పించేదాకా తలుపు తెరిచే బకెట్ నింపుకుని, గీజర్ ఆపి, గాలి ఆడాకే స్నానానికి వెళ్లండి.