డెల్టా రోడ్ల మీద కారు దించాలంటే: ఏ షాకు, ఏ స్ప్రింగు

భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపు స్విఫ్ట్, ఐ20, పోలో లాంటి చిన్న కార్లను కిందికి దించాలనుకునేవాళ్లు, అంటే కారు బాడీని నేలకి దగ్గర చేయాలనుకునేవాళ్లు, ముందు అడిగేది స్ప్రింగు గురించి. ఎంత దిగుతుంది, ముప్పయి మి.మీ. దిగుతుందా యాభయ్యా అని. అసలు అడగాల్సింది షాకు గురించి, అంటే స్ప్రింగు ఊపుని అణచే షాక్ అబ్జార్బరు గురించి. దించాక షాకు రాడ్డుకి కిందికి దిగే దారి ఇంకా ఎంత మిగిలిందన్నదే ముఖ్యం. బజార్లో దొరికే నాలుగు దారులనూ ఇక్కడ ఆ కొలతతోనే చూస్తున్నాం.

ముందు నేల లెక్క. 2018లో వచ్చిన స్విఫ్ట్‌కి ఖాళీ కారుగా గ్రౌండ్ క్లియరెన్స్ 163 మి.మీ. అందులో 30 దించితే 133. ఐదుగురు ఎక్కి, డిక్కీలో సామాను పెడితే వెనకవైపు మరో 30, 40 కుంగుతుంది. ఇక మిగిలేది 93, 103 మధ్య. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రకారం కట్టిన స్పీడ్ బ్రేకరే 10 సెం.మీ. ఎత్తు ఉంటుంది. ఊళ్లలో ఎవరికి వారు పోసుకున్నవి ఆ కొలతకు కట్టుబడవు. పండక్కి ఇంటిల్లిపాదీ ఎక్కే కారుని 50 దించమంటే వద్దని గట్టిగా చెబుతాం.

రోడ్డు సంగతి కూడా చూడాలి. పదహారో నంబరు హైవే మీద తణుకు, రావులపాలెం మధ్య ఏ సస్పెన్షనైనా బాగానే అనిపిస్తుంది. పరీక్ష కాలవ గట్టు రోడ్డెక్కాకే మొదలవుతుంది. కింద నల్లమట్టి వానకి ఉబ్బి ఎండకి కుంచించుకుపోతుంది కాబట్టి తారు అలలు అలలుగా లేస్తుంది. మధ్యమధ్య తూముల దగ్గర గూనలు, వంతెన మొదట్లో కుంగిన అప్రోచ్‌లు. అల మీద కారు ఒకసారి లేచి దిగేసరికే రెండో అల వచ్చేస్తుంది. షాకు మొదటి ఊపుని అప్పటికే అణచకపోతే రెండో దెబ్బ బంప్ స్టాప్ మీద, అంటే రాడ్డు దారి చివర ఉండే రబ్బరు ముక్క మీద పడుతుంది.

మొదటి దారి, ఉన్న స్ప్రింగుని కోయించడం. ఖర్చు లేదు, గంటలో అయిపోతుంది, మేం మాత్రం దీనికి ఒప్పుకోం. పనిచేసే చుట్లు ఆరు ఉంటే ఒకటి కోసినప్పుడు స్ప్రింగు 20 శాతం గట్టిపడుతుంది, షాకు మాత్రం పాతదే. గ్యాస్‌తో కోస్తే ఆ వేడికి ఉక్కు పదును పోతుంది. కోసిన కొన, స్ప్రింగు నిలిచే గిన్నెలో (సీటులో) సరిగా కూర్చోదు. కారుని జాకీ మీద లేపితే వెనక స్ప్రింగు వదులై సీటులోంచి జారుతుంది. తూము గూన మీద చక్రం పూర్తిగా వేలాడినప్పుడూ అదే జరుగుతుంది.

రెండోది, దించే స్ప్రింగులు కొని కంపెనీ షాకులనే ఉంచడం. ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు. 20 లోపు దించితే, షాకులు కొత్తవైతే, ఒప్పుకోవచ్చు. 35 దించితే లెక్క తప్పుతుంది. రాడ్డు బంప్ స్టాప్‌ని తాకడానికి 60 మి.మీ. ఉందనుకోండి, 35 పోతే 25. నలుగురు ఎక్కితే అదీ అయిపోతుంది. ఆ తర్వాత కారు రబ్బరు ముక్క మీద నడుస్తున్నట్టే. ఇంకో చిక్కు, స్ప్రింగు 30 శాతం గట్టిదైతే పాత స్థిమితం రావడానికి షాకు పట్టు, అంటే ఊపుని అణచే బలం, దాదాపు 14 శాతం పెరగాలి. యాభై వేల కిలోమీటర్లు తిరిగిన షాకులో అది దొరకదు. బండి గుర్రంలా ఎగరడం, చివరికి సీలు లీకై రాడ్డు కింద నూనె కారడం, రెండూ దీనివల్లే.

మూడోది, మా ఓటు దీనికే: పొట్టి షాకు, దానికి సరిపడే స్ప్రింగు, రెండూ కలిపి. పొట్టి షాకు అంటే దించిన ఎత్తులో కూడా పిస్టన్ తన దారికి మధ్యలో ఉండేలా చేసినది. బిల్‌స్టైన్ కంపెనీ షాకుల్లో బీ6 అసలు ఎత్తున్న కారుకి, బీ8 దించిన కారుకి. ఈ తేడా చూడకుండా బీ6 కొని దించే స్ప్రింగు వేస్తే రెండో దారిలోని తిప్పలే వస్తాయి. బీ8కి ఐబాక్ ప్రో-కిట్ స్ప్రింగులు కలిపి బిల్‌స్టైన్ వాళ్లే బీ12 పేరుతో జతగా ఇస్తారు. హైవే వేగం మీద, పెద్ద అలల మీద దీని పట్టు చాలా బాగుంటుంది. బీ8 మోనోట్యూబ్ (ఒకే గొట్టం ఉన్నది) కాబట్టి నూనె త్వరగా చల్లబడుతుంది, గంటసేపు గట్టు రోడ్డు మీద తిరిగినా పట్టు సడలదు. కానీ మోనోట్యూబ్‌కి బయటి గొట్టమే లోపలి సిలిండరు. కంకర రాయి తగిలి సొట్ట పడితే పిస్టన్ అక్కడ పట్టేస్తుంది. గొట్టంలో గొట్టం ఉండే ట్విన్ ట్యూబ్‌లో ఆ సొట్ట బయటి గొట్టానికే ఆగుతుంది. చిన్న గతుకులు కూడా మోనోట్యూబ్‌లో కాస్త ఎక్కువగా తెలుస్తాయి.

అందుకే లంక గ్రామాల్లో రోజూ తిరిగే బండికి 25, 30 దించే ప్రోగ్రెసివ్ స్ప్రింగు (నొక్కేకొద్దీ గట్టిపడేది), దానికి తోడు కోని కంపెనీ స్పెషల్ యాక్టివ్ లాంటి ట్విన్ ట్యూబ్ షాకు మేలంటాం. గబగబా వచ్చే చిన్న కుదుపులకు ఆ షాకు మెత్తబడుతుంది, నెమ్మదిగా వచ్చే పెద్ద ఊపుకి బిగుస్తుంది. ఈ రోడ్లకు కావలసింది సరిగ్గా అదే. మీ కారు మోడల్‌కి అది వస్తుందో లేదో కొనేముందే చూసుకోండి.

స్ప్రింగు కిట్ డబ్బా మీద అంకెలని అలాగే నమ్మవద్దు. పోలో లాంటి కార్లను మన దేశంలో ఎత్తు పెంచి అమ్మారు. యూరప్ కిట్ మీద రాసిన 30 అక్కడి ఎత్తునుంచి లెక్క, ఇక్కడ అంతకన్నా ఎక్కువే దిగుతుంది. ముందు ఇరుసు మీద ఎంత బరువు దాకా ఆ కిట్ పనికొస్తుందన్నది కూడా చూడాలి. డీజిల్ ఇంజను బరువెక్కువ, పెట్రోలు కిట్ దానికి వేస్తే ముక్కు కిందికి వాలిపోతుంది.

నాలుగోది కాయిలోవర్, అంటే షాకు గొట్టం మీద మర ఉండి, దాని మీద కాలరు తిప్పి స్ప్రింగుని పైకీ కిందికీ జరిపే రకం. ఎత్తు మార్చుకోవచ్చు, చూడ్డానికి బాగుంటుంది, కానీ ఉప్పుగాలి దీనికి శత్రువు. నరసాపురం, అంతర్వేది వైపు తీరపు గాలి, రోడ్డు మీద రొయ్యల లారీలు కార్చుకుంటూ పోయే ఉప్పునీళ్లు, రెండూ మరలోకి చేరతాయి. ఏడాదిపాటు తిప్పకుండా వదిలేస్తే కాలరు పట్టేసి సుత్తి దెబ్బకి కూడా కదలదు. కొనే పనైతే స్టెయిన్‌లెస్ బాడీ ఉన్నది కొనండి. మరలకి యాంటీ సీజ్ రాసి కవరు తొడిగి, ఆరు నెలలకోసారి మట్టి కడిగించండి. మామూలు స్ప్రింగుకి కూడా తుప్పు కింది చుట్టు దగ్గరే మొదలవుతుంది. ఇసుక, నీళ్లు అక్కడే నిలిచి పూత ఒలుస్తాయి, విరిగేదీ అక్కడే.

బిగించేటప్పుడు చిన్న సామాను దగ్గర పొదుపు చేయొద్దు. ముందువైపు స్ప్రింగు, షాకు కలిసి ఉండే స్ట్రట్‌కి పైన ఉన్న పాత టాప్ మౌంట్, స్ట్రట్ బేరింగు తీసి మళ్లీ అవే వేస్తే నెలకల్లా స్టీరింగు తిప్పినప్పుడు టక్‌మని మోగుతుంది. బంప్ స్టాప్ కోయమని కిట్ కాగితంలో ఉంటే అందులో చెప్పినంతే కోయాలి, పూర్తిగా తీసేస్తే షాకు లోపలి వాల్వు పగులుతుంది. స్టెబిలైజర్ (మలుపుల్లో కారు ఒరగకుండా ఆపే కడ్డీ) లింకు బాగా వంగి లాగుతుంటే పొట్టిది వేయాలి. పై నట్టుకి ఎయిర్ గన్ పెట్టకూడదు, రాడ్డు తిరిగి సీలు చెడుతుంది. రాడ్డుని అలెన్ కీతో పట్టి నట్టుని స్పానరుతో బిగించాలి. రాడ్డుని ప్లయర్‌తో పట్టుకుంటే పడే గీత సీలుని కోసేస్తుంది. లోయర్ ఆర్మ్ బుష్ బోల్టులు, వెనక బీమ్ బుష్ బోల్టులు చక్రాలు నేల మీద ఉన్నప్పుడే ఆఖరి బిగింపు బిగించాలి. గాల్లో బిగిస్తే రబ్బరు మెలితిరిగి ఉండిపోయి ఏడాదిలో చీలుతుంది. మన షెడ్లలో ఎక్కువగా తప్పేది ఇదే. పక్కనే నిలబడి చూసుకోండి.

దిగిన కొలత నేలనుంచి తీయవద్దు, టైరు గాలిని బట్టి మారిపోతుంది. చక్రం నడిమి హబ్ మధ్యనుంచి, చక్రం పైనున్న ఫెండర్ అంచు దాకా, దించక ముందూ దించాకా కొలవండి. మిగిలిన దారి తెలియాలంటే వెనక షాకు రాడ్డుకి జిప్ టై కట్టి, సీలు దాకా జరిపి, నిండు బరువుతో రోజూ వెళ్లే దారిలో తిరిగి రండి. టై బంప్ స్టాప్ దగ్గరికి చేరితే మరీ ఎక్కువ దించినట్టే. ముందువైపు తలకిందులుగా బిగించే మోనోట్యూబ్‌లలో ఈ కొలత కుదరదు.

అలైన్‌మెంట్ ఆ రోజే చేయించి, 500 కిలోమీటర్లకు స్ప్రింగులు సర్దుకున్నాక మళ్లీ చేయించండి. దించినప్పుడు టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మారుతుంది, క్యాంబర్ (ముందునుంచి చూస్తే చక్రం వాలు) లోపలికి వాలుతుంది. లోపలి అంచు అరిగిపోయిన టైర్లకు పెద్ద కారణం టోనే. స్విఫ్ట్ లాంటి రెండు బోల్టుల స్ట్రట్‌కి క్యాంబర్ బోల్టు వేసి సర్దవచ్చు. పోలోలో స్ట్రట్ హబ్‌లోకి దూరి బిగుస్తుంది, అక్కడ ఆ వీలు లేదు. హెడ్‌లైటు వెలుగు కూడా సరిచేయించాలి. లేకపోతే ఇరుకు గట్టు రోడ్డు మీద రాత్రిపూట ముందు దారి కనిపించాల్సినంత దూరం కనిపించదు.

చట్టం మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ స్పెసిఫికేషన్ మార్చడాన్ని అడ్డుకుంటుంది. 2019 సవరణతో వచ్చిన 182ఏ కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. పని మొదలెట్టే ముందు ఆర్టీవో ఆఫీసులో, ఇన్సూరెన్సు వాళ్ల దగ్గర అడగండి. తీసిన కంపెనీ స్ప్రింగుల మీద ముందు, వెనక, కుడి, ఎడమ అని రాసి, నూనె పూసి ఇంట్లో దాచి పెట్టండి.