ఆస్ట్రోపైతో ఖగోళ గణితం నేర్చుకోవడం: కొన్నేళ్ల వాడకం తరువాత ఒక సమీక్ష

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఖగోళ గణనలు చేసేవారు ఎక్కువగా ఆశ్రయించే లైబ్రరీ (సిద్ధంగా రాసిపెట్టిన ఫంక్షన్ల సంపుటి) ఆస్ట్రోపై. 2011లో మొదలై 2013లో తొలిసారి అందరికీ అందుబాటులోకి వచ్చిన ఈ ఉచిత లైబ్రరీని నేను కొన్నేళ్లుగా గ్రహస్థానాలు, తిథులు, ఉదయాస్తమయాల లెక్కల కోసం వాడుతున్నాను. నేను వృత్తిరీత్యా ఖగోళ శాస్త్రజ్ఞుణ్ణి కాను. అందువల్ల పరిశోధకులకు ఇది ఎలా ఉపయోగపడుతుందన్నది వారికే వదిలి, గణన పద్ధతులను నేర్చుకోదలచిన వారికి ఏ మేరకు పనికివస్తుందో మాత్రమే చెబుతాను. నా అభిప్రాయంలో కొలమానాల విషయంలో ఇది ఎంత కఠినంగా ఉంటుందో, మనం చెప్పకుండా వదిలేసిన వాటిని తానే నిర్ణయించుకోవడంలో అంత చొరవ చూపుతుంది.

కఠినత్వం నిజంగా మేలు చేస్తుంది. మామూలు పైథాన్‌లో 30కి సైన్ విలువ అడిగితే దానిని రేడియన్లుగా తీసుకుని మైనస్ 0.988 ఇస్తుంది, ఆస్ట్రోపైలో 30 డిగ్రీలు అని రాస్తే 0.5 వస్తుంది. మీటర్లను సెకన్లతో కూడమంటే ఎర్రర్ చూపి ఆగిపోతుంది. పౌండ్లలో వచ్చిన అంకెలను న్యూటన్లలో ఉన్నవిగా భావించినందువల్ల 1999లో నాసా వారి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ వ్యోమనౌక నాశనమైన సంగతి తెలిసినవారికి ఈ పట్టుదల అతిగా అనిపించదు. కాలం విషయంలోనూ అంతే. గడియారాలకు ఆధారమైన ప్రపంచ ప్రామాణిక కాలం యూటీసీకి, గ్రహగణితంలో వాడే భౌమకాలానికి (టెరెస్ట్రియల్ టైమ్) మధ్య 2017 జనవరి 1 నుంచి 69.184 సెకన్ల తేడా ఉంది. జూలియన్ దినసంఖ్యను, అంటే తేదీకి బదులు వాడే రోజుల వరుస లెక్కను, ఒకే దశాంశ సంఖ్యగా దాచుకుంటే చివరి అంకెలు పోతాయి కాబట్టి ఈ లైబ్రరీ దానిని రెండు సంఖ్యలుగా విడదీసి ఉంచుతుంది. గణనలో సూక్ష్మత ఎక్కడ జారిపోతుందో ఈ ఒక్క ఏర్పాటును గమనించినా బోధపడుతుంది.

ఇక చొరవ సంగతి. తిథి లెక్క తెలుగువారికి సహజంగా దొరికే మంచి అభ్యాసం: చంద్రస్ఫుటంలోంచి సూర్యస్ఫుటాన్ని (స్ఫుటం అంటే రాశిచక్రంలో డిగ్రీలలో చెప్పే స్థానం) తీసివేసి 12 డిగ్రీలతో భాగిస్తే తిథి తెలుస్తుంది, రాశిచక్రాన్ని ఎక్కడి నుంచి కొలవాలన్న అయనాంశ వివాదంతో దీనికి పనిలేదు. అమావాస్య ముగిసే క్షణం కావాలంటే ఆ వ్యత్యాసం సున్నా అయ్యే సమయాన్ని బైసెక్షన్ పద్ధతితో, అంటే వ్యవధిని పదే పదే సగానికి కుదిస్తూ, వెతకాలి. ముందుగా వ్యత్యాసాన్ని మైనస్ 180 నుంచి 180 డిగ్రీల మధ్యకు మార్చుకోవాలి. లేకపోతే అది 360 నుంచి సున్నాకు దూకే చోట రెండు చివరలా ధన సంఖ్యలే కనిపించి పద్ధతి పనిచేయదు. పరీక్షకు నేను 2024 ఏప్రిల్ 8ని ఎంచుకున్నాను. ఆ రోజు ఉత్తర అమెరికాలో సంపూర్ణ సూర్యగ్రహణం, మరునాడు మనకు క్రోధి నామ సంవత్సర ఉగాది. భారత కాలమానం ప్రకారం రాత్రి 11 గంటల 51 నిమిషాల ప్రాంతంలో అమావాస్య ముగిసినట్లు జవాబు వచ్చింది, అది సరైనదే.

అయితే ఇదే ప్రోగ్రాములో, నక్షత్రకాలం (నక్షత్రాలను బట్టి కొలిచే కాలం) కూడా కావాలనుకుని సమయంతో పాటు హైదరాబాదు అక్షాంశ రేఖాంశాలను జతచేస్తే, చంద్రుని స్థానం ఇచ్చే ఫంక్షన్ ఆ ఊరిని మారుమాట లేకుండా తీసుకుని, భూకేంద్రం నుంచి కాక హైదరాబాదు నుంచి కనిపించే చంద్రుణ్ణి ఇస్తుంది. చంద్రుడు దిగంతం దగ్గర ఉన్నప్పుడు, చూసే చోటును బట్టి వచ్చే ఈ స్థానభేదం (లంబనం) సుమారు ఒక డిగ్రీ దాకా ఉంటుంది. చంద్రుడు సూర్యుణ్ణి గంటకు అర డిగ్రీ చొప్పున దాటిపోతాడు కాబట్టి తిథి ముగింపు దాదాపు రెండు గంటల వరకు తప్పవచ్చు. ఎర్రర్ రాదు, హెచ్చరిక కూడా ఉండదు. డాక్యుమెంటేషన్‌లో ఒక వాక్యం ఉంది గాని, అక్కడికి వెళ్లి చూడాలన్న అనుమానం ముందు మనకు కలగాలి కదా.

కక్ష్యలో గ్రహం ఏ క్షణాన ఎక్కడ ఉంటుందో చెప్పే కెప్లర్ సమీకరణం వంటివి మాత్రం ముందు సొంతంగా రాసుకోవడమే మేలని నా నమ్మకం. ఉత్కేంద్రత (కక్ష్య ఎంత సాగి ఉందో చెప్పే సంఖ్య) 0.2056 ఉన్న బుధుడికి, ఒక అంచనాతో మొదలుపెట్టి దానిని అంచెలంచెలుగా సరిదిద్దే న్యూటన్-రాఫ్సన్ పద్ధతి ఎలా మొదలుపెట్టినా తొందరగా కుదురుకుంటుంది. 0.967 ఉన్న హేలీ తోకచుక్కకు, మీన్ అనామలీ (సూర్యుడికి అతి దగ్గరి బిందువు దాటాక గడిచిన కాలాన్ని కోణంగా చెప్పే విలువ) 0.1 రేడియన్ ఉన్నప్పుడు దానినే తొలి అంచనాగా తీసుకుంటే, విలువ ఒక్క అంగలో 2.65కు ఎగిరి, ఆపై 1.52, 1.04, 0.83 మీదుగా 0.78 దగ్గరికి దిగివస్తుంది. తొలి అంచనాగా π (సుమారు 3.14) విలువను తీసుకుంటే ఈ ఎగురుడు ఉండదు. వక్రం ఆ భాగంలో ఒకే వైపు వంగి ఉండటం వల్ల ప్రతి అడుగూ జవాబు వైపే పడుతుంది. గ్రహస్థానాన్ని ఒకే వరుసలో అడిగి తెచ్చుకునేవారికి ఇది ఎప్పటికీ కంటబడదు.

చిన్న చిన్న ఇబ్బందులున్నాయి. సమయాలను ఒక్కొక్కటిగా లూప్‌లో పంపితే చాలా నెమ్మది, మొత్తం వరుసగా ఒకేసారి పంపితే చకచకా నడుస్తుంది. భూభ్రమణ సమాచారాన్ని ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటుంది కాబట్టి నెట్ లేని చోట, దూర భవిష్యత్తు తేదీలకు హెచ్చరికలు కురుస్తాయి. నాసాకు చెందిన జేపీఎల్ ప్రయోగశాల గ్రహస్థాన పట్టికలు కావాలంటే మరో చిన్న ప్యాకేజీ వేసుకోవాలి. 1950 నుంచి 2050 వరకు పనికొచ్చే ఫైలు సుమారు 10 మెగాబైట్లే.

ఉదయాస్తమయాలకు మూల లైబ్రరీలో సిద్ధమైన ఫంక్షన్ లేదు, మనమే రాసుకోవాలి. అక్కడ వాతావరణ పీడనం మనం ఇవ్వకపోతే సున్నాగా తీసుకుంటుంది, అంటే గాలిలో కాంతి వంగడం (వక్రీభవనం) లేనట్టే. సూర్యకేంద్రం సరిగ్గా దిగంతాన్ని తాకే క్షణాన్ని వెతికితే హైదరాబాదులో సూర్యోదయం మూడున్నర నిమిషాలకు పైగా ఆలస్యంగా వస్తుంది. వార్తాపత్రికలో అచ్చయ్యే సమయం రావాలంటే సూర్యకేంద్రం దిగంతానికి 50 ఆర్క్ నిమిషాల (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక ఆర్క్ నిమిషం) దిగువన ఉండే క్షణాన్ని వెతకాలి. ఉదయాస్తమయాలు, చంద్రకళలు మాత్రమే కావలసినవారికి స్కైఫీల్డ్ అనే లైబ్రరీ ఇంతకంటే తేలికగా ఉంటుంది. నేను ఇప్పటికీ ఆస్ట్రోపైనే వాడుతున్నాను, కాకపోతే స్థలం, పీడనం, పట్టిక అనే మూడింటినీ ప్రతి ప్రోగ్రాము మొదట్లోనే విడిగా రాసుకుంటాను.