ఆండర్సన్‌ను చూడాలా, బ్రాడ్‌నా?

కొత్త బంతితో బౌలింగ్ నేర్చుకునే కుర్రవాడు ముందు ఎవరి వీడియోలు చూడాలని అడిగితే, నేను ఇంగ్లండ్ బౌలర్ జేమ్స్ ఆండర్సన్ పేరే చెబుతాను. బంతి వదిలే క్షణంలో అతని తల కిందికి వాలిపోతుంది, చూపు బ్యాటర్ మీద ఉండదు. శిక్షకులు ఆ శైలిని సరిదిద్దబోయారు. 2006లో వెన్నెముకకు పగులు వచ్చాక అతను తన పాత పద్ధతికే తిరిగి వెళ్లాడు. మణికట్టు మాత్రం బంతి వెనకాలే నిటారుగా ఉంటుంది. గాలిలో బంతిని వంచే స్వింగ్ రహస్యమంతా అక్కడే. గాలిలో బంతి కదలని రోజుల కోసం పాకిస్థాన్ బౌలర్ మహమ్మద్ ఆసిఫ్‌ను గమనించి వాబుల్ సీమ్ (కుట్టు ఊగుతూ వెళ్లి, పిచ్ మీద పడ్డాక ఎటు తిరుగుతుందో తెలియని బంతి) పట్టుబట్టి నేర్చుకున్నాడు. 2003లో లార్డ్స్‌లో మొదలుపెట్టి 2024లో అక్కడే ముగించేసరికి 188 టెస్టులు, 704 వికెట్లు! ఫాస్ట్ మీడియం బౌలర్ ఒంటికి ఇంతకంటే పెద్ద పరీక్ష ఉండదు.

అతని ఇంగ్లండ్ సహచరుడు స్టువర్ట్ బ్రాడ్ బలం ఎత్తు, బౌన్స్, పూనకం. 604 టెస్టు వికెట్లు. 2015లో ట్రెంట్‌బ్రిడ్జ్‌లో 15 పరుగులకే 8 వికెట్లు తీస్తే ఆస్ట్రేలియా 60కే కుప్పకూలింది. ఆ ఊపు నేర్పితే వచ్చేది కాదు. కానీ కుర్రవాడు బాగా పొడగరి అయితే, ఎడమచేతి వాటం బ్యాటర్లకు రౌండ్ ది వికెట్ (బంతి వేసే చేయి స్టంప్స్‌కు దూరంగా ఉండే వైపు నుంచి) వేయడం అతనికి చిక్కు అయితే, 2019 యాషెస్‌లో (ఇంగ్లండ్, ఆస్ట్రేలియా టెస్టు సిరీస్) ఆస్ట్రేలియా ఎడమచేతి ఓపెనర్ వార్నర్‌ను ఏడుసార్లు అవుట్ చేసిన బ్రాడ్‌నే ముందు చూడమంటాను.